బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య

2024 జనవరి 18, గురువారం

సకీనాను ఇంటికి తెచ్చాను. నల్లగొండ దవాఖానలో ఇక ఉంచే పని లేదన్నారు. మాత్రలు వేయాలి, ఇంట్లోనే కసరత్తు చేయించాలి. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి, కుడి కాలు కదలవు. మూతి కొంచెం సర్దుకుంది. మాట ముద్దగా వస్తోంది కానీ తెలుస్తోంది.

ఆటోలోంచి దించడానికి పక్కింటి గుర్వయ్య, సైదమ్మ వచ్చారు. గుర్వయ్య గొర్లను మందలో వదిలేసి వచ్చాడు. "సకీనక్కా, నేను మోసిన గొర్రెపిల్లలు గూడ నీకంటే బరువుంటయ్ గదనే" అన్నాడు. సకీనా నవ్వింది. నవ్వు ఒక పక్కే వచ్చింది.

షాపు తెరవలేదు.

జనవరి 19

మధ్యాహ్నం అన్నం, పప్పు చేశాను. పళ్ళెం ముందు పెట్టగానే సకీనా ఎడమ చెయ్యి చాచింది. పళ్ళెం నా వైపు లాక్కున్నాను. చిన్నప్పుడు మా అమ్మ ఎడమ చెయ్యి అన్నం వైపు పోతే గరిటెతో కొట్టేది. "కుడి చెయ్యి వస్తదన్నరు గద, అందాక నేను తినిపిస్త" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. అలసిపోయి ఉంటుంది.

ఆమెది అయ్యాక నేను తిన్నాను. అన్నం చల్లారింది.

జనవరి 24

షాపు తెరిచాను. హాలియా కాలువకు ఈసారి నీళ్ళు వదలడం లేదు. అందరూ బోర్ల మీద పడ్డారు. బోర్లు లోతుకు పోయాయి, మోటార్లు కాలుతున్నాయి. రిపేరుకు తెచ్చిన మోటార్లు షట్టరు ముందు వరసగా పడి ఉన్నాయి. గుర్వయ్యది కూడా కాలింది. గొర్లతో పాటు అరెకరం మడి పెట్టాడు.

నేను షాపులో ఉన్నంతసేపు సైదమ్మ సకీనా దగ్గర కూర్చుంటానంది. మధ్యాహ్నం వచ్చి తినిపించి మళ్ళీ పోతున్నాను.

మా అమ్మాయి అతియా జడ్చర్ల నుంచి ఫోన్ చేసింది. అక్కడ మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని. చంటిపిల్లతో రాలేదు. "బాపూ, నల్లగొండల సూదులు పెట్టే డాక్టరమ్మ ఉన్నదంట. చీనా వైద్యమంట. మా కంపెనీలున్నామె వాళ్ళ నాయినకు పెట్టిచ్చిందంట. అమ్మను తీస్కపో. మాత్రలు మాత్రం బంద్ చెయ్యకు, నేను మాత్రల కంపెనీల చేస్తున్న, నా ఇజ్జత్ తియ్యకు."

జనవరి 29, సోమవారం

సూదులు మొదలు. డాక్టరమ్మ పేరు త్రివేణి. మా అతియా కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. గోడ మీద మనిషి బొమ్మ, ఒళ్ళంతా గీతలు, గీతల మీద చుక్కలు. మోటరు వైండింగ్ పటం లాగే ఉంది.

"ముందే చెప్తున్న కాకా" అంది. "సూదులు పెట్టంగనే లేచి ఉరుకుతదని నేను చెప్ప. కొందరికి మంచిగైతది, కొందరికి కాదు. బీపీ మాత్ర, కసరత్తు ఆపితే మాత్రం నా దగ్గరికి రాకుండ్రి."

వెంట్రుక లాంటి సూదులు. తల మీద, కుడి చేతికి, మోకాలి కింద. సూదులకు చిన్న క్లిప్పులు తగిలించి, తీగలు ఒక డబ్బాలో కలిపింది. డబ్బాకు మరలు ఉన్నాయి. ఉండబట్టలేక అడిగాను.

"ఎన్ని వోల్టులమ్మా?"

"తొమ్మిది వోల్టుల బ్యాటరీ. నువ్వేం పని చేస్తవ్ కాకా?"

"మోటార్లు చుడత."

"ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు నేర్పలే. కాలినవి విప్పి చూసుకుంట నేర్చుకున్న."

"అయితే జర దూరం కూసో. నా డబ్బ గూడ విప్పుతవ్."

సకీనా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు వినడానికి మళ్ళీ ఏదైనా అడగాలనుకున్నాను. ఏమీ తోచలేదు.

ఫిబ్రవరి 1

సూదులు. ఏమీ తెలియలేదట. తల ఊపి చెప్పింది.

ఫిబ్రవరి 5, సోమవారం

డబ్బా మర తిప్పినప్పుడు సకీనా కుడి చూపుడువేలు కదిలింది. నేను చూశాను. త్రివేణమ్మ అది కరెంటు పని అంది.

కాలిన మోటరుకు కరెంటు పెడితే ఒక్కోసారి వణుకుతుంది. అది తిరగడం కాదు. ఈ సంగతి రైతులకు రోజూ చెప్పేది నేనే. అయినా వేలు కదిలిందనే రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 8

త్రివేణమ్మ నన్ను పక్కకు పిలవకుండా, సకీనా ముందే అడిగింది. "ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గద కాకా. మరి తినుడు, దువ్వుకునుడు ఎవరు చేస్తున్నరు?"

"నేనే చేస్తున్నమ్మా."

"ఎందుకు? ఆమెను చేసుకోనియ్యి."

"మా మతంల ఎడమ చేత్తోని తినరు."

"బీమారున్నోళ్ళు గూడనా?"

 సకీనా నా వైపు చూస్తోంది. నేను గోడ మీది బొమ్మ చూశాను.

తిరిగి వస్తూ, మసీదులో నమాజు చేయించే హజ్రత్ గారిని అడగాలనుకున్నాను. షాపు దగ్గర జనం ఉండటంతో కుదరలేదు.

ఫిబ్రవరి 12

వైండింగు కట్టే దారం కోసం ఇంటికి వచ్చాను. గుమ్మంలో ఉండగానే లోపల సకీనా గొంతు వినిపించింది. చాలాసేపు, ఆపకుండా. మాట దాదాపు మునుపటిలాగే ఉంది. సైదమ్మ "ఉండు ఉండు, నవ్వలేక సస్తున్న" అంటోంది.

నేను లోపలికి పోగానే ఆపేశారు. దారం తీసుకుని వచ్చేశాను.

మాట వచ్చిందన్నమాట. మంచిదే. నాతో మాట్లాడాల్సిన పనులు ఏమున్నాయి, అన్నీ నేనే చూస్తున్నాను కదా.

ఫిబ్రవరి 15

మోకాలి కింద సూది గుచ్చగానే "అబ్బా" అని అరిచింది. తీసెయ్యమన్నాను. త్రివేణమ్మ నన్ను కసిరింది. "ఇన్నొద్దులు ముద్దలెక్క పడి ఉన్న కాలికి నొప్పి తెల్సింది. సంబురపడాలె, నువ్వేంది గట్ల తెల్లబోయినవ్?"

సంబరపడ్డాను. బయటకు పోయి నిలబడ్డాను.

ఫిబ్రవరి 17

తినిపించేటప్పుడు సకీనా గోడ వైపు చూస్తుంది. ముద్ద పెడితే నములుతుంది, నీళ్ళిస్తే తాగుతుంది. మూతి తుడుస్తాను. మేమిద్దరం దగ్గరగా కూర్చునేది ఆ కాసేపే. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన పని అదే. ఈ మాట రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను.

ఫిబ్రవరి 20

తలనొప్పి. ఎప్పటిలాగే ఎడమ పక్క. వార్నిష్ వాసనకు మొదలైంది. కన్ను పొడుస్తోంది. షట్టరు దించుకుని చీకట్లో కూర్చున్నాను.

ఇదివరకు నా ముఖం చూడగానే సకీనాకు తెలిసిపోయేది. పొయ్యి దగ్గర ఆమె పక్కన కూర్చుని చెయ్యి ఇస్తే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చోట గోరు దిగేలా నొక్కేది. వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకుందట. "ఇంక పొడుస్తున్నదా?" అని అడిగేది. అది తప్ప వేరే మాట ఉండేది కాదు. కాసేపటికి నొప్పి కరిగేది.

ఇప్పుడు ఆమెకు ఏం చెప్పాలి? ఆమె బాధే ఆమెకు చాలు. తువ్వాలు గట్టిగా కట్టుకున్నాను.

ఫిబ్రవరి 26, సోమవారం

నేను ఒక కన్ను మూసుకుని ఉండటం త్రివేణమ్మ పట్టేసింది. "లైటు చూడలేకపోతున్నవా? ఒకపక్కనేనా? వాంతికొచ్చినట్టు ఉంటదా?" అని అడిగి, "ఇది మైగ్రేన్ కాకా, కూసో" అంది. సకీనా పక్కనే స్టూలు వేసింది. ఆమెకూ సూదులు, నాకూ సూదులు. కణతకు, పాదానికి, చేతికి. చేతికి సరిగ్గా అక్కడే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. గుచ్చగానే మోచేతి దాకా జుమ్మంది.

"దీని పేరు పెద్దపేగు నాలుగు" అంది.

"చేతిల పెద్దపేగేందమ్మా?"

"చీనావాళ్ళు గీతకు పెట్టిన పేరు అది. ఆ గీత మీద నాలుగో చుక్క ఇది. తలనొప్పికి మంచి జాగా. ఎన్నేండ్ల సంది ఉన్నది నీకు?"

"పెండ్లికి ముందటి సంది."

"మరి ఇన్నేండ్లు ఏం చేసినవ్?"

"ఏదో బామ్ రుద్దుకునేటోణ్ణి" అన్నాను.

"ఇంట్ల ఎవరితోనన్న గీడ నొక్కిచ్చుకో."

"నొక్కేటోళ్ళు ఎవరున్నరమ్మా" అన్నాను.

సకీనా పక్కనే ఉంది. అవతలికి ముఖం తిప్పుకుంది. తలలో సూదులున్నాయి, కదలొద్దని త్రివేణమ్మ కేకేసింది.

సకీనా నొక్కేదని ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. పరాయి వాళ్ళ ముందు చెప్పే మాటలా అనిపించలేదు. సూదులతో నొప్పి సగం తగ్గింది.

ఫిబ్రవరి 27

సకీనా తినలేదు. ఆకలి లేదట. అదీ సైదమ్మతో చెప్పించింది.

మార్చి 4

నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా నడిచింది. కుడి కాలు ఈడుస్తోంది, అయినా నడిచింది. గుర్వయ్య చప్పట్లు కొట్టాడు. "ఇగ నా గొర్లను నువ్వే కాయొచ్చు సకీనక్కా."

కుడి చెయ్యి అలాగే ఉంది.

మార్చి 12, మంగళవారం

రంజాన్ మొదటి రోజా. మాత్రలున్నాయి కాబట్టి సకీనా ఉపవాసం ఉండకూడదు. సాయంత్రం ఇఫ్తార్‌కు ఇద్దరికీ ఖర్జూరాలు పెట్టాను. అజాన్ వినబడగానే ఆమె ఎడమ చెయ్యి లేచింది. నన్ను చూసి తనే దించుకుంది. నేను ఖర్జూరం నోటికి అందించాను.

అలవాటు చేసుకుంది. మంచిదే.

మార్చి 18

త్రివేణమ్మ తూకం వేసింది. సకీనా తగ్గిపోయింది. "తింటలేదా?"

"నా చేతులతోని తినిపిస్తున్నమ్మా."

"అది కాదు నేనడిగింది" అంది త్రివేణమ్మ.

మార్చి 27, బుధవారం

తలనొప్పి ఎక్కువై మధ్యాహ్నం కాకముందే షాపు మూశాను. ఇంటికి వచ్చేసరికి వెనక వసారాలో మాటలు. తలుపు సందులోంచి కనిపించారు.

సైదమ్మ జొన్నరొట్టె తెచ్చింది. పళ్ళెం ఇద్దరి మధ్యా ఉంది. సకీనా ఎడమ చేత్తో రొట్టె తుంపి, ఉల్లిగడ్డ కారంలో అద్దుకుని తింటోంది. గబగబా తింటోంది. గడ్డానికి కారం అంటుకుంది. తుడుచుకోలేదు.

"మెల్లగనే. ఎవడన్న గుంజుకుంటడా?" అంది సైదమ్మ.

"గుంజుకునేటోడు మోటర్ల కాడున్నడు" అంది సకీనా. "కాలిన మోటరును గూడ 'ఏమైందే నీకు' అని అడుగుతడు మా ఆయన. నన్నడగడు. నోట్ల ముద్ద పెడ్తడు, మూతి తుడుస్తడు. నేను ఆయనకు దూడనా, మోటరునా?"

"నువ్వు గట్లనే అడగరాదు?"

"అడుగుత. ఓనాడు అడుగుత."

అప్పుడు నన్ను చూసింది. చెయ్యి కొంగు కిందికి పోయింది. రొట్టె ముక్క కింద పడింది.

నేను తిరిగి షాపుకు వచ్చేశాను. షట్టరు దించుకుని ఉన్నాను.

మార్చి 28

ఈ రోజు నల్లగొండ పోలేదు. తలనొప్పి అని ఫోన్‌లో చెప్పాను.

సైదమ్మ షాపు దాకా వచ్చింది. ఎప్పుడూ రాదు. "అన్నా, కోపం చేసుకోకు. నేనే పెట్టిన రొట్టె. ఆమె పది దినాల సంది నా దగ్గర తింటున్నది. నువ్వు పెట్టింది గొంతు దిగుతలేదంట."

"ఉప్పు ఎక్కువైతున్నదా?" అని అడిగాను.

సైదమ్మ "మీ ఇద్దరికి సూదులు సరిపోవన్నా, దబ్బనాలు కావాలె" అని వెళ్ళిపోయింది.

మార్చి 29, శుక్రవారం

జుమా నమాజు తరువాత హజ్రత్ గారి దగ్గర ఆగాను. కుడి చెయ్యి పడిపోయిన మనిషి ఎడమ చేత్తో తినొచ్చా అని అడిగాను.

ఆయన నవ్వారు. "నువ్వు గూడ గదే అడుగుతున్నవా కరీం? అల్లా తీస్కున్న చెయ్యికి అల్లాయే లెక్క అడుగుతడా? తినొచ్చు. పో."

ఇంత చిన్న జవాబు కోసం రెండు నెలలు ఆగాను. నిజానికి ఆయన ఇదే అంటారని నాకు ఫిబ్రవరిలోనే తెలుసు. అందుకే అడగలేదు. ఆమె తన చేత్తో తింటే నేను మధ్యాహ్నం ఇంటికి ఎందుకు రావాలి?

సకీనాకు చెప్పాలి.

మార్చి 30

చెప్పలేదు.

ఏప్రిల్ 1

పళ్ళెం ఆమె ఎడమ పక్కన పెట్టి, నేను ఎదురుగా కూర్చున్నాను. ఏదైనా అనాలి. అనలేకపోయాను. ఆమె పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది. చెయ్యి చాచలేదు. అన్నం చల్లారిపోయింది. చివరికి నేనే తినిపించాను.

ఏప్రిల్ 3

గుర్వయ్య మోటరు మళ్ళీ కాలింది. "బోర్ల నీళ్ళు లేకుంట తిప్పితే కాలదా?" అని అరిచాను. "నీళ్ళు లేవని మోటరు చెప్తదా అన్నా? సప్పుడు చేసుకుంట తిరుగుతనే ఉంటది" అన్నాడు.

చెప్పలేదు.

ఏప్రిల్ 8, సోమవారం

పొద్దున్నుంచే తలనొప్పి. ఎండ, రోజా, చాయ్ లేదు. నల్లగొండ బస్సు ఎక్కే శక్తి లేదు. ముందు గదిలో కిటికీకి దుప్పటి కట్టి, చాప మీద పడుకున్నాను. ఎడమ కన్ను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది.

కర్ర చప్పుడు. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఈడ్చే కాలు. సకీనా లోపలి గది నుంచి ఒక్కతే వచ్చింది. గోడకు ఆనుకుని, జారి, చాప పక్కన కూర్చుంది. పడిందేమోనని లేవబోయాను.

"పండుకో" అంది. తరువాత, "చెయ్యియ్యి."

ఇచ్చాను. గోరు దిగింది. అదే చోట. ఎవరూ లేరని నేను చెప్పిన చోట.

నొక్కుతూనే ఉంది. తరువాత అంది, "నొక్కేటోళ్ళు ఎవరున్నరు అన్నవ్ గద."

"సకీనా."

"ఎడమ చేత్తోని నొక్కుతున్న. పాపం తగుల్తదా?"

"హజ్రత్ గారిని అడిగిన" అన్నాను. "తినొచ్చు అన్నరు. తప్పు లేదన్నరు."

"నాకెరికే. నేను ఫిబ్రవరిలనే అడిగిపిచ్చిన."

"ఎవరితోని?"

"గుర్వయ్యతోని. పాపం గొంగడి భుజాన ఏస్కొని మసీదు ముంగట గంటసేపు నిలబడ్డడంట, లోపటికి రావొచ్చునో రావొద్దో తెల్వక."

నవ్వొచ్చింది. నవ్వితే తల పగిలిపోతోంది. ఆమె కూడా నవ్వింది. గోరు మాత్రం వదల్లేదు.

"తప్పు లేదని తెల్సినంక నా ముందట ఎందుకు తినలే మరి?" అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. "పళ్ళెం గుంజుకున్నది నువ్వు గద. హజ్రత్ కాదు."

కిటికీకి కట్టిన దుప్పటి అంచు నుంచి ఎండ సన్నగా గోడ మీద పడుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను. చెప్పాల్సిన మాట చాలా చిన్నది. అయినా నోటిదాకా రావడానికి సమయం పట్టింది.

"ఇంక గుంజుకోను" అన్నాను.

ఆమె ఇంకొంచెం గట్టిగా నొక్కింది. "ఇన్నేండ్లు ఏ చేత్తోని నొక్కిన నీకు? యాదికున్నదా?"

కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాను. పొయ్యి, పొగ, నేను పీట మీద. సకీనా కుడి చెయ్యి పెనం మీద రొట్టెను తిప్పుతోంది, నీళ్ళు అద్దుతోంది, మళ్ళీ తిప్పుతోంది. ప్రతిసారీ ఆ చెయ్యి రొట్టె మీదే ఉంది.

"రొట్టె మాడుతుంటే కుడి చెయ్యి యాడికెళ్ళొస్తది" అంది సకీనా. "ఎప్పుడైనా గీ చెయ్యే. నువ్వే చూడలే. కండ్లు మూస్కునేటోనివి." మళ్ళీ నొక్కి, "ఇంక పొడుస్తున్నదా?" అని అడిగింది.

లేదన్నాను. పొడుస్తూనే ఉంది. రెండో చెయ్యి కూడా ఇచ్చాను.

ఏప్రిల్ 9

సకీనా మధ్యాహ్నం తనే తింది. నాకు రోజా. ఎదురుగా కూర్చున్నాను. ముద్ద సగం ఒళ్ళో పడుతోంది. చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టంగా ఉంది. కూర్చున్నాను.

ఏప్రిల్ 11, గురువారం

పండుగ. నమాజు నుంచి వచ్చి సేమియా పాయసం చేశాను. సైదమ్మ, గుర్వయ్య వచ్చి తాగిపోయారు. గుర్వయ్యను మసీదు సంగతి అడిగితే తెల్లబోయి, "గది చెప్పిందా! ఒట్టు పెట్టిచ్చుకుంది గదన్నా" అన్నాడు. అతని మోటరు ఊరికే చుట్టి ఇస్తానన్నాను. "వద్దన్నా, నీళ్ళు పైకి రాని, తర్వాత చూద్దం" అన్నాడు.

అతియా ఫోన్ చేసింది. సకీనానే మాట్లాడింది. చాలాసేపు. నా గురించి కూడా ఏదో చెప్పి నవ్వింది. బయటికి పోకుండా అక్కడే కూర్చుని విన్నాను.

కుడి చెయ్యి ఇంకా రాలేదు. రాకపోవచ్చు కూడా అని త్రివేణమ్మ మొదట్లోనే చెప్పింది, నేనే పట్టించుకోలేదు. సోమవారం సూదులకు పోవాలి, ఇద్దరం.

మధ్యాహ్నం రెండు పళ్ళేలు పెట్టాను. సకీనా మొదటి ముద్ద ఎడమ చేత్తో తనే కలుపుకుని నోట్లో పెట్టుకుంది. ముఖం చిట్లించింది.

"ఉప్పెక్కువేసినవ్" అంది. "దినాం ఇంతనే ఏస్తున్నవ్."

రేపటి నుంచి తగ్గించాలి.

అన్నం వేడిగా తిన్నాను.